కిరణ్ ట్రైనర్ విమానాలను అన్నేళ్లు ఎందుకు నడిపారు? మన దెగ్లూరు మీద ఇప్పుడు ఎగిరేవి అవేనా?

తమ్ముడూ, నాదీ దెగ్లూరే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ పనులు చూసే మెకానిక్‌గా, బీదర్ వైమానిక స్థావరంలో కిరణ్‌ల దగ్గర పనిచేశాను కాబట్టి చెబుతున్నాను.

కిరణ్ మన హెచ్‌ఏఎల్ బెంగళూరులో తయారుచేసిన జెట్ ట్రైనర్, అంటే పైలట్లకు శిక్షణ ఇచ్చే విమానం. డాక్టర్ వి.ఎం.ఘాటగే నేతృత్వంలో డిజైన్ చేశారు. 1964 సెప్టెంబర్ 4న సురంజన్ దాస్ మొదటిసారి నడిపారు. పాత వాంపైర్ ట్రైనర్ల స్థానంలోకి వచ్చింది. మొదటి రకాలు 190 చేశారు, వాటికి వైపర్ ఇంజన్. తర్వాత మార్క్ 2 రకం 61, వాటికి ఆర్ఫియస్ ఇంజన్. 1965, 71 యుద్ధాల్లో పోరాడిన నాట్ అనే యుద్ధ విమానానిదీ అదే ఇంజన్ కుటుంబం. ఆయుధాల శిక్షణ కోసం మార్క్ 2 రెక్కల కింద ఆయుధాలు తగిలించే చోట్లు పెంచారు.

దీని అసలు గొప్పతనం సీట్లలో ఉంది. గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు. కుర్రాడు స్టిక్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నాడో, కళ్లు మీటర్ల మీదున్నాయో బయట ఉన్నాయో గురువుకు తెలిసిపోతుంది. ఎగిరే ముందు మేము ఎజెక్షన్ సీటు (ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే సీటు) పొరపాటున పేలకుండా పెట్టే పిన్నులు తీసి, పైలట్‌కు కనబడేలా చేత్తో పట్టుకుని చూపించేవాళ్లం. ఎర్ర రిబ్బన్లు వేలాడుతూ ఉండేవి. ఆయన తలూపాకే మెట్టు దిగేవాళ్లం. మొదటి సోలోకి, అంటే గురువు లేకుండా ఒంటరిగా నడపడానికి, వెళ్లే కుర్రాళ్ల ముఖంలో టెన్షన్ అప్పుడే కనిపించేది.

'కొత్తది కొనలేకపోయారా' అని అడిగావు కదా. ప్రయత్నం జరిగింది. కిరణ్‌కు బదులుగా హెచ్‌ఏఎల్ వాళ్లదే హెచ్‌జేటీ-36 అనే జెట్ ట్రైనర్ అనుకున్నారు. అది 2003లోనే ఎగిరింది కానీ స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం), స్పిన్ (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) సమస్యలు ఏళ్ల తరబడి తెమల్లేదు. స్పిన్‌లోంచి బయటపడటం నేర్పలేని విమానంలో శిష్యుణ్ణి కూర్చోబెట్టలేం. ఈలోగా 2009లో, ఒక ప్రమాదంలో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయాక, మొదటి దశలో నేర్పే హెచ్‌పీటీ-32లను నేల మీద నిలిపేశారు. దాంతో ఆ భారం కూడా కిరణ్ మీదే పడింది. అప్పటిదాకా ఒక చిన్న విమానం మీద చేయి తిరిగాక ఎక్కే జెట్‌ను, ఏమీ రాని కుర్రాడు మొదటి రోజే ఎక్కాల్సి వచ్చింది.

వైమానిక దళం విన్యాసాల జట్టు సూర్యకిరణ్ ఆగింది కూడా అందుకే. అది ఎగిరింది కిరణ్ మార్క్ 2లతోనే. 1996లో బీదర్‌లో మొదలై, తర్వాత తొమ్మిది విమానాలతో ఎగిరిన జట్టు అది. 2011 ఫిబ్రవరిలో ఏరో ఇండియా తర్వాత ప్రదర్శనలు ఆపి, మార్క్ 2 విమానాలను శిక్షణకు ఇచ్చేశారు. మాకందరికీ కడుపు తరుక్కుపోయింది. అయినా అది సరైన నిర్ణయమే అని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఎయిర్ షో ఆగితే జనం నిరాశపడతారు, అంతే. పైలట్లు తయారవడం ఆగితే స్క్వాడ్రన్లు ఖాళీ అవుతాయి. 2013లో స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ ట్రైనర్ విమానాలు రావడం మొదలయ్యాక మొదటి దశ భారం తగ్గింది.

ఇక మన ఊరి మీద నువ్వు చూసేవి చాలావరకు హాక్‌ అనే జెట్ ట్రైనర్లు. 2008 నుంచి బీదర్‌లో అవే ప్రధానం. సూర్యకిరణ్ జట్టు మళ్లీ మొదలైందీ వాటితోనే. కాక్‌పిట్ పొడవుగా ఉండి, ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుంటే హాక్. ముక్కు దగ్గర వెడల్పుగా, ఇద్దరూ పక్కపక్కన ఉంటే కిరణ్.