ఎమర్జెన్సీ లైట్లు ఏ కంపెనీవి కొనాలి? ముందు రాత్రిపూట మెయిన్ ఎవరు ఆపుతున్నారో కనుక్కోండి

మీ కమ్యూనిటీ హాల్లో ఎమర్జెన్సీ లైట్లు, ఎగ్జిట్ బోర్డులు రెండేళ్లకే పాడయ్యాయి, ఈసారి ఏ కంపెనీవి కొనాలి అని అడిగారు. విశాఖలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా చాలా బిల్డింగులు చూసినవాణ్ణి. నన్నడిగితే కంపెనీ మార్చినా లాభం లేదు. అవి కూడా రెండేళ్లకే పోతాయి.

ఆమధ్య మా మేనకోడలి కూచిపూడి ప్రోగ్రాం ఉంటే ఊళ్లోనే ఒక హాలుకి వెళ్లాం. మాకు బాల్కనీలో సీట్లు దొరికాయి. జతిస్వరం మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ వస్తుందిలే అని అందరం కూర్చున్నాం. ఎంతకీ రాదు. ఆపరేటర్ టీకి వెళ్లాడట. గుమ్మాల మీద పచ్చగా వెలగాల్సిన బోర్డులు ఒక్కటీ వెలగలేదు. పిల్లలు ఏడుపు, పెద్దలకి టెన్షన్. అందరూ ఒకేసారి మెట్ల మీదకి వచ్చేశారు. సెల్‌ఫోన్ టార్చ్ ఎవరి కాళ్ల దగ్గర వాళ్లు వేసుకుంటే ఫర్వాలేదు, ఎదుటివాళ్ల కళ్లలో కొడుతున్నారు. ఒక మామ్మగారు భయపడి మెట్టు మీదే కూర్చుండిపోయారు, వెనక జనం తోసుకొస్తున్నారు. నలుగురం చేతులు అడ్డం పెట్టి ఆపాం కాబట్టి సరిపోయింది.

తర్వాత మేనేజర్‌గారు ఓసారి చూడమంటే వెళ్లి ఒక బోర్డు విప్పాను. బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. అన్నిట్లోనూ అదే పరిస్థితి. వాచ్‌మన్‌ని అడిగితే అసలు సంగతి చెప్పాడు: “రాత్రి ఎవులూ ఉండరు కదా బాబూ, కరెంటెందుకు దండగని మెయిన్ తీసేత్తన్నాను. మొదట్లో ఇవి రాత్రి ఎలిగేవి. తర్వాత ఆటికవే మానేశాయి.”

అర్థమైంది కదా? మెయిన్ ఆపగానే లైటు కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద వెలుగుతుంది, బ్యాటరీ పూర్తిగా దిగిపోయేదాకా. అలా దిగిపోయిన బ్యాటరీ మళ్లీ నిండడానికి మామూలుగా 24 గంటల దాకా పడుతుంది. పగలు హాలు తెరిచి ఉన్న కాసేపట్లో అది ఎప్పుడు నిండుతుంది? రోజూ ఇదే తంతయితే ఏ కంపెనీ బ్యాటరీ అయినా చస్తుంది. అందుకే వీటికి స్విచ్ లేని ఫేజ్, అంటే ఎప్పుడూ కరెంటు ఉండే లైను ఇవ్వాలి. డీబీలో, అంటే స్విచ్చులన్నీ ఉండే మెయిన్ బాక్సులో, ఆ లైను ఎం.సి.బి. (దానంతటదే ట్రిప్పయ్యే స్విచ్) మీద ‘ఆపవద్దు’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఇంగ్లీషులో రాస్తే వాచ్‌మన్ చదవడు, సెక్రటరీ పట్టించుకోడు.

“మాకు జనరేటర్ ఉంది, ఇవెందుకు?” అనేవాళ్లు ఇంకో రకం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పటి నుంచి మనవాళ్లకి జనరేటర్ అంటే దేవుడే. తుపానుకి అది పనికొస్తుంది, కాదనను. మంటలు లేస్తే ముందు ఆపేది కరెంటునే, జనరేటర్ లైను సహా. వైరింగే కాలిపోవచ్చు కూడా. అప్పుడు దారి చూపించేది సొంత బ్యాటరీ ఉన్న ఆ చిన్న పెట్టె ఒక్కటే. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా థియేటర్‌లో మంటలు లేచి 59 మంది చనిపోయారు. పొగలో, చీకట్లో బాల్కనీ వాళ్లకి దారి దొరకలేదు.

ఫ్లెక్సీల గోల కూడా చెప్పుకోవాలి. నాయకుడి పుట్టినరోజని, సన్మానమని సరిగ్గా ఎగ్జిట్ బోర్డు మీదే కడతారు. కట్టినవాడు తర్వాత తియ్యడు. అడిగితే మనం ఆ పార్టీకి వ్యతిరేకం అయిపోతాం.

ఇక నిర్వహణ. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి వెలుగుతోందో లేదో చూడాలి. ఏడాదికోసారి సప్లై తీసేసి పూర్తిగా వెలిగించాలి. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం కనీసం గంటన్నర వెలగాలి. పది నిమిషాలకే ఆరిపోతే అది ఉన్నా లేనట్టే. హాల్లో ఫంక్షన్ ఉన్న రోజు ఆ పరీక్ష పెట్టుకోకండి, బ్యాటరీలు మళ్లీ నిండడానికి టైం కావాలి. మెయింటెనెన్స్ కాంట్రాక్టులో ఫ్యాన్లు, ట్యూబులైట్లు లెక్క రాస్తారు గానీ ఈ పెట్టెల ఊసే ఉండదు. ముందు అది రాయించండి.

కంపెనీ పేరు చెప్పమనే పట్టుబడితే నేను చెప్పను. బ్యాటరీ విడిగా దొరికేది, టెస్ట్ బటన్‌కి చెయ్యి అందేది ఏదైనా తీసుకోండి. సముద్రానికి దగ్గరైతే ఇనుప బాడీ వద్దు, ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తుంది. అసలు ముందు పాతవాటికే బ్యాటరీ మార్చి చూడండి, చాలావరకు బతుకుతాయి. తీసేసినవి నికెల్ కాడ్మియం బ్యాటరీలైతే చెత్తబండిలో వెయ్యకండి. కాడ్మియం విషం, షాపువాడికే తిరిగి ఇచ్చెయ్యండి.