‘ఎవరితోనైనా చేయించుకోండి’ అంటే కుదరదు

ప్రశ్న: మా తమ్ముడికి చూపు లేదు. ఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని తన పనులన్నీ తనే చేసుకుంటాడు. రాష్ట్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఒక పథకానికి దరఖాస్తు పెట్టబోతే, బొమ్మలో ఉన్న అక్షరాలు చూసి టైప్ చేయమనే క్యాప్చా దగ్గర ఆగిపోతున్నాడు. వినిపించే ఆప్షన్ లేదు. ఆఫీసుకి వెళ్తే ‘అంతా ఆన్‌లైనే, ఎవరితోనైనా చేయించుకోండి’ అన్నారు. గడువు దగ్గర పడుతోంది. చట్టంలో దారి ఉందా, బతిమాలుకోవడమేనా?

జవాబు: బతిమాలాల్సిన పనే లేదు. ‘ఎవరితోనైనా’ అంటే ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్‌కి వచ్చే ఓటీపీ అన్నీ ఆ ఎవరికో అప్పజెప్పమనే కదా. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఊదరగొట్టేదీ ప్రభుత్వమే!

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో సెక్షన్ 46 ప్రకారం సేవలందించే సంస్థ ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా దివ్యాంగులు వాడుకోగలిగేలా వాటిని అందించాలి, దానికి ఇచ్చిన రెండేళ్ల గడువు కూడా ఎప్పుడో దాటిపోయింది. ఈ నిబంధనలన్నీ సూచనలే అని అధికారులు తప్పించుకోవడం మామూలే కానీ, 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఆ ధోరణినే తప్పుబట్టి, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస ప్రమాణాలు పెట్టమంది. తర్వాత 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసు తీర్పు వచ్చింది, మీకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. యాసిడ్ దాడి బాధితులు కళ్లు ఆర్పి చూపించలేక ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు నిరూపించుకోవడం) పూర్తి చేయలేకపోతున్నారని వేసిన పిటిషన్, చూపులేని ఒకరు వేసిన పిటిషన్ కలిపి విని, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పి 20 ఆదేశాలిచ్చింది.

ఇక మీరు చేయాల్సింది. ముందు గడువు సంగతి చూడండి, హక్కుల పోరాటంలో పడి అది పోగొట్టుకోవద్దు. దరఖాస్తు కాగితం మీద రాసి, పోర్టల్ ఎక్కడ ఆగిపోతోందో వివరించి, దీన్ని గడువులోపు వచ్చినట్టే తీసుకోమని సంబంధిత అధికారికి స్వయంగా ఇచ్చి తేదీతో రసీదు తీసుకోండి. వాళ్లు తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపండి. నోటిమాటగా చెప్పిందేదీ రేపు ఎవరూ ఒప్పుకోరు, నా అనుభవంలో సగం కేసులు నీరుగారేది ఇక్కడే. మీ తమ్ముడు ప్రయత్నిస్తుండగా స్క్రీన్ రీడర్ గొంతు వినపడేలా వీడియో తీసి పెట్టుకోండి, స్క్రీన్‌షాట్ కంటే అదే గట్టి సాక్ష్యం.

తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు పెట్టండి. (కేంద్ర ప్రభుత్వ పోర్టల్ అయితే ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కి.) సాక్షుల్ని పిలవడం, రికార్డులు తెప్పించడం లాంటి విషయాల్లో వాళ్లకి సివిల్ కోర్టు అధికారాలుంటాయి. వాళ్లిచ్చేది సిఫారసే అయినా, శాఖ మూడు నెలల్లో చర్య తీసుకోవాలి, ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలి. అప్పటికీ కదలకపోయినా, లేదా గడువు మరీ దగ్గరపడి ఆగే టైమ్ లేకపోయినా, ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ (అధికారుల్ని ఆదేశించమని కోరే పిటిషన్) వేయొచ్చు.

లాయర్ ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఆదాయం ఎంతన్నదానితో పని లేకుండా దివ్యాంగులకి ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేస్తే చాలు. ఒక్క మాట, ఫిర్యాదు మీ పేరుతో కాకుండా మీ తమ్ముడి పేరుతోనే పెట్టించండి.