చెరువు మట్టిలో శూకాల పురుగు: పేరు తేల్చేది నోరే

ప్రశ్న: మా రొయ్యల చెరువుకు సముద్రపు నీరు పెడతాం. పంట తీసి నీరు వదిలాక అడుగు మట్టిలో అరచేతి పొడవు పురుగులు కనిపించాయి. రెండు పక్కలా కాళ్లలాంటివి, వీపు మీద ఎర్రటి గీత ఉన్నాయి. కొన్ని గోధుమ ఎరుపు, కొన్ని ఆకుపచ్చ. ఒకరు జెర్రి అంటున్నారు, ఇంకొకరు జలగ అంటున్నారు. చేతిలోకి తీసుకుంటే ఒకటి కొరికింది. ఇవి రెండు రకాలా? జాతి పేరు ఏమిటి? రొయ్యలకు హాని ఉందా? ఏరి తల్లి రొయ్యలకు మేతగా వేయవచ్చా? ఫోటోలతో పాటు సీసాలో మూడు పురుగులు పంపుతున్నాను.
– ఒక రొయ్యల రైతు

జవాబు: మీ సీసాలో వచ్చినవి జెర్రులు కావు, జలగలూ కావు. పాలీకీట్ పురుగులు, అంటే పక్క కాళ్ల మీద శూకాలు (బిరుసు వెంట్రుకల్లాంటివి) ఉండే పురుగులు, వాటిలోనూ నీరీడిడే కుటుంబానికి చెందినవి. పాఠ్యపుస్తకాల్లో కనిపించే నీరీస్‌ది ఇదే కుటుంబం. ప్రజాతి పెరినీరిస్ అని ఖాయంగా చెప్పగలను. జాతి విషయంలో మాత్రం ‘పెరినీరిస్ నున్షియా సముదాయం’ దాకా వచ్చి ఆగాను. ఎందుకు ఆగవలసి వచ్చిందో కింద రాస్తున్నాను. ఫోటోలు మాత్రమే పంపి ఉంటే కుటుంబం పేరు దగ్గరే ఆగేవాణ్ణి. ఫోటోలో రంగు, పొడవు కనిపిస్తాయి. ఈ పురుగులను గుర్తించడానికి ఆ రెండూ అంతగా పనికిరావు.

ముందుగా జెర్రి, జలగ సంగతి. జెర్రి కాళ్లకు గట్టి పెంకు, కీళ్లు ఉంటాయి. మీ పురుగు పక్కన ఉన్నవి కీళ్లు లేని మెత్తని కండ తమ్మెలు. జలగ, వానపాము, ఈ పురుగు ముగ్గురూ ఒకే వంశం వారే. అయితే జలగకు రెండు చివరలా అతుక్కునే చూషకాలు ఉంటాయి, పక్క కాళ్లు ఉండవు. ఈ పురుగు రక్తం పీల్చదు. వీపు మీద మీరు చూసిన ఎర్ర గీత దాని సొంత రక్తనాళమే. హీమోగ్లోబిన్ కణాల్లో కాకుండా నేరుగా ప్లాస్మాలో కరిగి ఉండటం వల్ల రక్తం ఎర్రగా ఉంటుంది. బతికున్న పురుగును తెల్ల పళ్లెంలో ఉంచి భూతద్దంతో చూడండి, ఆ గీతలో రక్తం తోక వైపు నుంచి తల వైపుకు అలలుగా కదులుతుంది.

తల దగ్గరికి వద్దాం. ముందు కొనలో చిన్న తమ్మె ఉంది. దాన్ని ప్రోస్టోమియం అంటారు. దాని ముందు అంచున ఒక జత పొట్టి స్పర్శశృంగాలు, వాటికి ఇరుపక్కలా లావుగా, కొనలో చిన్న బుడిపెతో ఒక జత పాల్ప్‌లు (తడిమి చూసే అవయవాలు) ఉన్నాయి. పైభాగాన రెండు జతల నల్లని కళ్లు. దీని వెనక ఉన్న కాళ్లు లేని మొదటి వలయం పెరిస్టోమియం. దాని నుంచి నాలుగు జతల పొడవాటి తంతువులు వచ్చాయి. రెండు శృంగాలు, రెండు పాల్ప్‌లు, నాలుగు కళ్లు, నాలుగు జతల తంతువులు: ఇంత కనిపిస్తే నీరీడిడే కుటుంబమని దాదాపు నిశ్చింతగా అనుకోవచ్చు. ఇంతవరకు చూడటానికి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం చాలు.

అసలు సమాచారమంతా నోటిలో ఉంది. ఈ పురుగు తన గ్రసనిని (నోటి వెనక గొంతు భాగాన్ని) చొక్కా చేతిని లోపలి నుంచి తిరగదీసినట్టు బయటికి తిరగేస్తుంది. కొనలో కొడవలి ఆకారంలో రెండు దవడలు, వాటి లోపలి అంచున రంపపు పళ్లు ఉంటాయి. మిమ్మల్ని కొరికింది ఇవే. నీరీస్ దవడల కొనల్లో జింకు చేరి ఉంటుంది, ఆ గట్టిదనం దాని వల్ల వచ్చిందే. ఈ కుటుంబంలోని పురుగు కొరికితే సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది.

బయటికి వచ్చిన గ్రసని మీద రెండు పట్టీలు కనిపిస్తాయి: దవడల వైపు ఒకటి, తల వైపు ఒకటి. శాస్త్రజ్ఞులు ఒక్కో పట్టీని నాలుగేసి గడులుగా విభజించి దవడల వైపు పట్టీకి 1 నుంచి 4, తల వైపు పట్టీకి 5 నుంచి 8 అని అంకెలు వేశారు. బేసి అంకెల గడులు నడిమధ్య ఒక్కొక్కటే ఉంటాయి. సరి అంకెలవి ఎడమ, కుడి జంటలు. ఈ గడుల్లో పారాగ్నాత్‌లు అనే గట్టి నల్లని నలుసులు ఉంటాయి. అవి ఏ గడిలో ఎన్ని ఉన్నాయి, ఏ ఆకారంలో ఉన్నాయి అన్నదే ఈ కుటుంబంలో ప్రజాతిని, జాతిని విడదీసే ప్రధాన ఆధారం. మీ పురుగులో 1వ గడిలో ఒకదాని వెనక ఒకటిగా రెండు శంకువులు, 3వ గడిలో గుండ్రని గుంపు, 5వ గడిలో త్రిభుజంలా మూడు ఉన్నాయి. 7, 8 గడులు కలిసి కింది వైపున వెడల్పాటి పట్టీలా రెండు మూడు వరుసల శంకువులతో నిండి ఉన్నాయి. ఇవన్నీ వేరే ప్రజాతుల్లోనూ కనిపించేవే. చూడవలసింది 6వ గడి. అక్కడ శంకువులకు బదులు అడ్డంగా పరుచుకున్న చప్పిడి పలకలు ఉన్నాయి. ఈ పలకలుంటే పెరినీరిస్. ఒక్కో పక్కన ఒకటే వెడల్పాటి పలక ఉంటే పెరినీరిస్ కల్ట్రిఫెరా అనే జాతి వైపు వెళ్లాలి. మీ పురుగులో ఒక్కో పక్కన ఏడెనిమిది పలకలు విల్లులా వరుసగా ఉన్నాయి; అది నున్షియా సముదాయం లక్షణం.

ఇక పక్క కాళ్లు. వీటిని పార్శ్వపాదాలు అంటారు. మొదటి రెండు జతలు తప్ప మిగతావన్నీ రెండు శాఖలవి, పై శాఖ ఒకటి, కింది శాఖ ఒకటి. శాఖ లోపల వెన్నుదన్నుగా నల్లని పుల్ల ఒకటి ఉంటుంది, దాన్ని అసిక్యులం అంటారు. పైన ఒకటి, కింద ఒకటి సన్నని తంతువులు వేలాడుతుంటాయి. ఒక పాదాన్ని పదునైన బ్లేడుతో కోసి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి సూక్ష్మదర్శినిలో చూశాను. శూకాలన్నీ కీలు ఉన్నవే. పిడి ఒకటి, దాని మీద అమరిన అలుగు ఒకటి. పై శాఖలో అలుగు పొడవుగా, సూదిలా సన్నబడిన శూకాలు మాత్రమే ఉన్నాయి. కింది శాఖలో వాటితో పాటు అలుగు పొట్టిగా, కొన వంగినవి కూడా ఉన్నాయి. ఇది పెరినీరిస్‌కు సరిపోయే అమరిక. నీరీస్ ప్రజాతిలో అయితే శరీరం వెనక భాగాన పై శాఖలో కూడా పొట్టి కొడవలి శూకాలు కనిపిస్తాయి. గ్రసని లోపలే ఉండిపోయి బయటికి రానప్పుడు ఈ తేడా బాగా అక్కరకు వస్తుంది.

రంగుల విషయం: మూడింటి నోరూ, పాదాలూ ఒకటే. కాబట్టి రెండు రకాలు కావు. ఆకుపచ్చ పురుగు పక్క భాగం కోసి చూస్తే శరీర కుహరం నిండా గుడ్లు ఉన్నాయి. చర్మం పలచన కావడంతో ఆ రంగే బయటికి కనిపిస్తోంది. ఈ కుటుంబంలో ఇది మామూలే. ప్లాటినీరిస్ డ్యుమెరిలీ అనే జాతిలో పరిపక్వమైన ఆడది పసుపు రంగులో, మగది ముందు తెలుపు, వెనక ఎరుపు రంగుల్లో ఉంటాయి. తెలియనివారు వేర్వేరు జాతులనే అనుకుంటారు. రంగే కాదు, ఆకారమూ మారుతుంది. చాలా నీరీడ్ పురుగుల్లో గుడ్లు పెట్టే కాలానికి కళ్లు ఉబ్బుతాయి, నడుము నుంచి వెనక పాదాలు వెడల్పై, పాత శూకాల స్థానంలో తెడ్లలాంటి కొత్త శూకాలు వస్తాయి. అలా మారినవి మట్టి విడిచి నీటి పైకి ఈది, గుడ్లు, వీర్యం వదిలి చనిపోతాయి. చెరువులో ఎప్పుడైనా పైన గుంపుగా ఈదుతున్న పురుగులు కనిపిస్తే కొత్త తెగులేదో వచ్చిందని మందు చల్లకండి.

తోక చివర రెండు సన్నని తంతువులు ఉండాలి. మీరు పంపిన ఒక పురుగుకు అవి ఉన్నాయి గాని, చివరి ఖండితాలు (శరీర వలయాలు) మరీ చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయి. తోక ఎక్కడో తెగి మళ్లీ పెరుగుతోందన్నమాట. అందుకే ఖండితాల లెక్కను నమ్మలేం. ఈ పురుగులకు తోక మళ్లీ వస్తుంది, తెగిన తల రాదు. ముక్కలు చేస్తే రెండు పురుగులవుతాయన్న భయం అక్కర్లేదు.

జాతి పేరు దగ్గర ఎందుకు ఆగానంటే, నున్షియా అనే పేరును 1818లో ఎర్ర సముద్రపు పురుగుకు పెట్టారు. ఆ తర్వాత హిందూ, పసిఫిక్ మహాసముద్రాల తీరాల్లో పలకల వరుస ఉన్న పురుగు ఏది దొరికినా చాలాకాలం అదే పేరు పెడుతూ వచ్చారు. నిశితంగా పోల్చి చూసినప్పుడు అది ఒక జాతి కాదు, దగ్గరి పోలికలున్న జాతుల గుంపని తేలింది. పలకల సంఖ్య, తల తంతువుల పొడవు, వెనక పాదాల పై తమ్మె ఆకారం లాంటి చిన్న తేడాలతో వాటిని విడదీస్తారు. ఫార్మలిన్‌లో ముడుచుకుపోయిన మూడు పురుగులతో అంత తీర్పు ఇవ్వడం సాహసమే అవుతుంది.

హాని సంగతి. బతికున్న, ఆరోగ్యంగా ఉన్న రొయ్య మీద ఇవి దాడి చేయవు. రొయ్యలే వీటిని వెతికి తింటాయి. వీటి బొరియల గుండా నీరు ఆడటం వల్ల అడుగు మట్టికి ప్రాణవాయువు అందుతుంది. నా దృష్టిలో ఇవి ఉండటం మంచి సూచనే. వీటికి బదులు దారంలా సన్నగా, ఎర్రగా, తలపై ఏ తంతువులూ లేని కాపిటెల్లా పురుగులు కుప్పలుగా కనిపిస్తే, మిగిలిపోయిన మేత, మలం అడుగున పేరుకుపోయిందేమోనని అనుమానించండి. గ్లైసెరా అనే మరో పురుగుకు తల సూదిమొనలా ఉంటుంది, దవడలు నాలుగు, వాటిలో విషం ఉంటుంది. దాన్ని చేత్తో పట్టకండి.

మేతగా వేయడం మాత్రం వద్దు. పాలీకీట్ పురుగుల్లో అరాకిడోనిక్ ఆమ్లం, ఇతర కొవ్వు ఆమ్లాలు బాగా ఉండటం వల్ల హేచరీల్లో తల్లి రొయ్యలకు వీటిని ఇష్టంగా వాడతారు, నిజమే. కానీ బయట దొరికిన పురుగులు తెల్లమచ్చల వైరస్‌ను మోసుకొచ్చి రొయ్యలకు అంటించగలవని పరిశోధనల్లో రుజువైంది. రొయ్యల ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి కూడా వీటిలో బయటపడింది. మీరు ఏరినవి రొయ్యలు పెరిగి, విసర్జించిన మట్టిలోనివి, అంటే ముప్పు ఇంకా ఎక్కువ. ఫ్రీజర్‌లో గడ్డ కట్టించినంత మాత్రాన వైరస్ చస్తుందని నమ్మవద్దు. వేసి తీరాలంటే రోగరహితంగా పెంచిన పురుగులనే, అదీ పీసీఆర్ పరీక్ష (రోగకారకాల జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేయించాకే వేయాలి.

జాతి పేరు తేల్చుకోవాలన్న పట్టుదల ఉంటే మళ్లీ పది పురుగులు పంపండి. నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే ముడుచుకుపోతాయి. ముందు సముద్రపు నీటిలో మెంథాల్ పలుకులు వేసి, తాకినా కదలనంత వరకు ఉంచండి. అప్పుడు తల వెనక మెల్లగా నొక్కితే గ్రసని బయటికి వస్తుంది. ఆ స్థితిలోనే ఎనిమిదింటిని సముద్రపు నీటితో కలిపిన 10 శాతం ఫార్మలిన్‌లో పెట్టండి. చేతి తొడుగులు వేసుకుని, గాలి ఆడే చోట చేయండి. మిగతా రెండింటిని ఫార్మలిన్ తగలకుండా 95 శాతం ఆల్కహాల్‌లో వేరే సీసాలో వేయండి, డీఎన్‌ఏ పరీక్షకు అవే కావాలి. సీసాలో వేసే చీటీ మీద తేదీ, నీటి ఉప్పుదనం, మట్టి ఏ లోతు నుంచి తీశారో పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో చెరిగిపోతుంది.