ఫారాలు చేయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మీ మావయ్య ఆశీస్సులు.

రాజాంలో దుకాణం తెరిచి, సంఘాలకూ బడులకూ కంప్యూటర్‌లోనే పూరించగల పీడీఎఫ్ దరఖాస్తులు చేసి ఇవ్వబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషించాను, బెంగ కూడా పెట్టుకున్నాను.

పీడీఎఫ్‌లు తయారుచేసే అక్రోబాట్‌లో ప్రిపేర్ ఫారం నొక్కితే గీతలనూ గడులనూ బట్టి టైపు చేసే ఖాళీలు, అంటే ఫీల్డులు, అదే పెడుతుందని, స్కాన్ కాగితం వంకర లేకుండా ఉండాలని నీకు తెలిసినదే. అయితే ఏ గీత మీద ఎవరు రాయాలో దానికి తెలియదు. శీర్షిక కింది గీతనూ ఖాళీ అనుకుంటుంది, ‘కార్యాలయ ఉపయోగార్థం’ అన్న గడులనూ దరఖాస్తుదారుకే అప్పగిస్తుంది. అటువంటివి తీసివేయి.

నా భయమంతా ఫీల్డుల పేర్ల గురించే, అంటే ఒక్కో ఫీల్డును కంప్యూటర్ గుర్తుపట్టడానికి లోపల పెట్టే పేర్ల గురించి. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో, నామినీ పేరు గడిని కంప్యూటర్ గుర్తించలేదని, ఫారం చేసిన కుర్రవాడు దరఖాస్తుదారు పేరు ఫీల్డునే కాపీ చేసి అక్కడ అతికించాడు. పీడీఎఫ్‌లో ఒకే పేరున్న ఫీల్డులన్నిటికీ విలువ ఒకటే కాబట్టి, ఒకదానిలో టైపు చేసినది రెండోదానిలోనూ పడుతుంది. రెండోదాన్ని దిద్దబోతే మొదటిదీ మారిపోతుంది. ఖాళీ ఫారం మాత్రం చూడటానికి లక్షణంగా ఉంది. హడావుడిలో పూరించి, ప్రింటు తీసి, వేలిముద్ర వేయించి పంపేశారు. తరువాత ఆ దరఖాస్తు పెట్టుకున్న పెద్దమనిషి పోయాడు. ఆయనకు ఆయనే నామినీ అని కాగితం చెబుతుంటే, భార్య మా బల్ల ముందు నిలబడి, కొంగు ముడిలోంచి ఆధార్ కార్డు తీసి చూపిస్తూ, “నా పేరేటయిపోనాది బాబూ?” అని అడిగింది. ఎవరి దగ్గరా సమాధానం లేదు. చదువురాని మనిషి తెర మీద తప్పు పట్టలేదురా, నువ్వే పట్టాలి. కాపీ చేసిన ప్రతి ఫీల్డుకూ అప్పటికప్పుడే పేరు మార్చు. రెండో పేజీలో అదే ఆధార్ నంబరు మళ్లీ రావలసిన చోట మాత్రం ఒకే పేరు ఉంచుకోవచ్చు, అక్కడ అది మేలే.

ఆధార్‌కు 12 అంకెలు, పిన్‌కోడ్‌కు 6, బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌కు 11 అక్షరాలు అని హద్దులు పెట్టు. ఐఎఫ్‌ఎస్‌సీలో అయిదోది సున్నా. జనం అక్కడ ‘ఓ’ కొడతారు, పక్కన గుర్తు చేస్తూ ఒక మాట రాయి. జిల్లా పేరును ముద్రించి ఉంచకు, జాబితాలోంచి ఎంచుకోనివ్వు. 2022 ఏప్రిల్ 4న మన రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి కదా, పాత ఫారాలు పట్టుకుని ఎందరు తిరిగారో నాకు తెలుసు.

తెలుగులో పూరించే ఫారమైతే ‘లక్ష్మి’ అని టైపు చేసి చూడు. ఫాంటు కుదరకపోతే ఒత్తులు విడిపోతాయి, లేదా వట్టి గడులు కనిపిస్తాయి. కంప్యూటర్‌లో బాగుందని వదిలేయక ఫోనులోనూ తెరిచి చూడు.

మొదటి ఫారం ఎవరికైనా ఇచ్చే ముందు ప్రతి ఫీల్డులోనూ వేరువేరు మాట టైపు చేసి, ప్రింటు ఫొటో నాకు వాట్సాప్‌లో పంపు. అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నావని మీ అమ్మ బాధపడుతోంది. భోజనం చేసి పడుకో, తెల్లవారాక పంపినా చూస్తాను.

మీ మావయ్య