నీ డాలరు ఊళ్లో ఎంత వడ్డీకి తిరుగుతోంది?

ధర్మవరం నుంచి ఈ ఏడాదే డాలస్ వచ్చిన ఒక తమ్ముడి ప్రశ్న: "అన్నా, నా 401కే (ఇక్కడ జీతంలోంచి రిటైర్‌మెంటుకు దాచే ఖాతా) డబ్బు సిగరెట్టు, ఆయుధాల కంపెనీలకు పోకుండా ఎట్లా చూసుకోవాలి? న్యాయంగా పెరిగితే చాలు."

మంచి ప్రశ్న తమ్ముడూ. నువ్వు అడిగింది తేలిక, ముందు అది చెప్పేస్తా. చాలా కంపెనీలు చేరగానే మనల్ని ఏదో ఒక టార్గెట్ డేట్ ఫండ్‌లో, అంటే రిటైరయ్యే ఏడాదిని బట్టి షేర్లు, బాండ్లు కలిపి పెట్టే ఫండ్‌లో, వేసేస్తాయి. అమెరికా పెద్ద కంపెనీలన్నీ ఉండే ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ ఫండ్ తీసుకున్నా సిగరెట్ల ఆల్ట్రియా, ఫిలిప్ మారిస్, ఆయుధాల లాక్‌హీడ్ మార్టిన్ అందులో ఉంటాయి. ఫండ్ పేరు చూసి మురిసిపోకుండా హోల్డింగ్స్ జాబితా తెరిచి చదువు. మీ ప్లాన్‌లో బ్రోకరేజ్ విండో (జాబితా బయటి ఫండ్లు నువ్వే ఎంచుకునే వీలు) ఉందేమో హెచ్‌ఆర్‌ని అడుగు. లేకుంటే కంపెనీ మ్యాచ్ (నువ్వు వేసినదానికి తోడుగా కంపెనీ వేసే డబ్బు) ఇచ్చే మేరకు అక్కడ వేసి, మిగతాది ఐఆర్‌ఏలో, అంటే సొంతంగా తెరుచుకునే రిటైర్‌మెంటు ఖాతాలో, నీకు నచ్చిన ఫండ్‌లో పెట్టుకో. మ్యాచ్ మాత్రం వదులుకోవద్దు. పొదుపు ఖాతాకు క్రెడిట్ యూనియన్ చూడు. సభ్యులు దాచుకున్నది సభ్యులకే అప్పుగా పోతుంది, బ్యాంకులో లాగే 2,50,000 డాలర్ల దాకా బీమా ఉంటుంది.

ఇక నువ్వు అడగని సంగతి. ఇంటికి పంపే డబ్బు ఏమవుతోందో నీకు తెలుసా? కొత్తగా వచ్చిన పిల్లలు ఇక్కడి షేర్ల గురించి గంటలు గంటలు మాట్లాడతారు, ఈ ఒక్క ప్రశ్న దగ్గర నీళ్లు నములుతారు.

నాకూ తెలియలేదు. మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. వచ్చిన కొత్తలో నెలనెలా నాయనకు పంపేవాణ్ణి. బ్యాంకులో డిపాజిట్ వేస్తున్నాడనుకున్నా, ఒక్కసారీ అడగలేదు. అదే నేను చేసిన తప్పు. సెలవులకు పోయినప్పుడు బీరువాలో పాసుబుక్కుల కింద ప్రోనోట్ల కట్ట కనిపించింది. రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం, కొన్నిటి మీద వేలిముద్ర. అన్నీ నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. "ఊళ్లో అందరూ తీసుకునేదే కదా, అవసరానికి ఇచ్చినాను" అన్నాడు నాయన. ఆయన మనసులో అన్యాయం లేదు.

ఆ వారమే మా పక్క చేని రైతు నోటు తిరగరాయడానికి వచ్చాడు. స్టాంపు తనే కొనుక్కుని, కాగితంలో మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. ప్రోనోటుకు మూడేళ్లే గడువు, ఆలోగా తీర్చలేకపోతే వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాస్తారు. అసలు లక్ష, మూడేళ్ల వడ్డీ 72,000, కొత్త నోటు 1,72,000. ఇంకో మూడేళ్లకు అదే 2,95,840. బోరు ఎండినవాడు, చెనిక్కాయ ఊడలు దిగే వేళకు వాన పడనివాడు ఎక్కణ్నుంచి తెస్తాడు? బ్యాంకులో పంట రుణం మూడు లక్షల దాకా 7 శాతం, గడువులో కడితే 4. నేను ఇక్కడ రాత్రిళ్లు పనిచేసి పంపిన డబ్బు అక్కడ 24 శాతానికి తిరుగుతోంది.

నాయనను ఒప్పించడానికి సెలవంతా పట్టింది. ప్రతి నోటుకూ బ్యాంకు వడ్డీ మాత్రం లెక్కకట్టి, అంతకు మించి వచ్చినదాన్ని అసలులో చెల్లు వేయించాను. "సొమ్ము పాడు చేస్తాండావు" అని చిన్నాయన చాలాకాలం మాట్లాడలేదు. నేను ఇక్కడ ఇల్లు కొనడం ఆలస్యమైంది, కానీ కొన్నాను. పిల్లల చదువులూ ఆగలేదు. నీకూ ఆగవు.

కాబట్టి ఈ ఆదివారం ఫోన్ చేసి మూడు మాటలు అడుగు: డబ్బు ఎక్కడుంది, ఎవరి పేరున ఉంది, ఎంత వడ్డీకి ఉంది. నిలదీసినట్టు అడగొద్దు, వాళ్లు నొచ్చుకుంటారు. ఇంకా ప్రోనోట్లు ఉంటే కొత్తవి ఆపించు, పాతవి బ్యాంకు వడ్డీకి దించు. ఆ తర్వాత నువ్వు పంపేది నీ పేరు మీదే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌లో (బయట సంపాదించి పంపే డబ్బుకు ప్రవాసుల ఖాతా) వెయ్యి. దాని వడ్డీకి అక్కడ పన్ను లేదు, ఇక్కడ ఉంది, దాచొద్దు. అక్కడి నీ పాత పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌వోగా (అక్కడ వచ్చే రాబడికి ప్రవాసుల ఖాతా) మార్పించు. అక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బీఏఆర్ (బయటి దేశాల ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) వెయ్యాలి. ఆ వివరాలన్నీ ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ పేజీల్లో దొరుకుతాయి.

ఇంకొకటి. మీ పొలం గుత్తకు ఇచ్చారా? ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం, 2019 కింద కౌలు రైతుకు సాగుదారు హక్కు కార్డు ఇస్తారు, పదకొండు నెలలు చెల్లుతుంది. దానికి యజమాని సంతకం అడుగుతారు. భూమి పోతుందని భయపడి మనవాళ్లు చాలామంది పెట్టరు. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీద రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి మాత్రమే అది పనికొస్తుంది. అది లేని కౌలు రైతు విత్తనాల కోసం రెండు రూపాయల వడ్డీకే పోవాలి. ఖరీఫ్ గుత్త మాట్లాడేటప్పుడే సంతకం పెట్టమని నాయనకు చెప్పు. పొలం అమ్మ పేరున ఉంటే అమ్మ చేత పెట్టించు.