ప్లైవుడ్ బల్ల మీద హెచ్‌ఓ పట్టాలకు ఎంత పొడవు మేకులు వాడాలి, ఎంత దూరానికొకటి కొట్టాలి?

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ అనే కొలతలోని నమూనా రైలు పట్టాలు పరచబోతున్నానని, ఎంత పొడవున్న మేకులు తీసుకోవాలో, ఎన్ని స్లీపర్లకు ఒకటి చొప్పున కొట్టాలో చెప్పమని అడిగారు. పొడవు సంగతి తేలికే. స్లీపరునూ (పట్టాల కింది అడ్డపట్టీ), దాని కింద పరిచే మెత్తని కార్కు పట్టీనీ దాటి ప్లైవుడ్‌లోకి ఐదారు మిల్లీమీటర్లు దిగే మేకు సరిపోతుంది. మొత్తం సుమారు 13 మిల్లీమీటర్లు. అయితే మీరు అడగని మాట ఒకటి చెప్పాలి: శాశ్వతంగా ఉండిపోయే మేకు ఒక్కటి కూడా కొట్టకండి. పట్టా పక్కకు జరగకుండా ఉంటే చాలు, దాన్ని బల్లకేసి అదిమిపెట్టవలసిన అవసరం లేఅవుట్‌లో, అంటే బల్ల మీద కట్టిన నమూనా రైలుమార్గంలో, సాధారణంగా ఉండదు.

హెచ్‌ఓలో రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఆ దూరాన్ని కాపాడేవి సన్నని ప్లాస్టిక్ స్లీపర్లే. మేకు రంధ్రం సాధారణంగా స్లీపరుకు నడిమధ్యన ఉంటుంది కాబట్టి, చివరి దెబ్బ కాస్త గట్టిగా పడితే మధ్యభాగం కుంగి, రెండు కొసలూ పైకి లేస్తాయి. వాటితోపాటే పట్టాలు లోపలికి ఒరిగి ఆ దూరం, అంటే గేజ్, తగ్గిపోతుంది. కింద మెత్తని కార్కు ఉన్నప్పుడు ఈ నష్టం మరింత సులభంగా జరుగుతుంది. పైగా ప్లైవుడ్ పొరల మధ్య ఉండే జిగురు గట్టిది. సన్న మేకు అందులోకి తిన్నగా దిగక వంగుతుంది, వంగిందని ఇంకొంచెం బలంగా కొడతాము, సుత్తి జారి పట్టా మీద పడుతుంది.

ఒక మిత్రుడి లేఅవుట్‌లో ఒకే ఒక్క మలుపు దగ్గర ఆరు ఇరుసుల పొడవాటి ఇంజన్ పట్టాలు తప్పుతూ ఉండేది. చిన్న ఇంజన్లు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా దాటిపోయేవి. ఆయన చక్రాలు తుడిచారు, వాటి మధ్య దూరం సరిచూశారు, చివరికి లోపం ఇంజన్‌లోనే ఉందని తేల్చి దాన్ని అమ్మివేయడానికి సిద్ధపడ్డారు. ఆ సాయంత్రం గదిలో లైట్లు ఆర్పి, టార్చిని బల్ల మీద పడుకోబెట్టి, పట్టాల మధ్య ఇమిడేంత చిన్న ఉక్కు ముక్కను స్లీపరు మీద నిలబెట్టి కింది నుంచి చూశాము. రెండు కొసల దగ్గర చీకటి, నడుమ సన్నని వెలుతురు గీత. మేకు తలను కటింగ్ ప్లేయరుతో పట్టుకొని వెంట్రుకవాసి పైకి లాగగానే ఆ ఇంజన్ మలుపు దాటింది. ఆయన అక్కడితో చాలన్నారు, నేను ఒప్పుకోలేదు. మలుపు పొడవునా వెతికితే దాదాపు ప్రతి మేకు దగ్గరా అదే వంకర. మేకులన్నీ పీకి, ఆ భాగాన్ని మళ్లీ అతికించిన తరువాత ఇంజన్‌ను అమ్మే మాట ఆయన ఎత్తలేదు.

పట్టాలతోపాటు మేకుల పొట్లం ఇచ్చి, మేకు తల స్లీపరును తాకీ తాకనట్టు ఆగాలని ఒక్క వాక్యమైనా రాయని తయారీదారుల మీద నాకు నిజంగా కోపం. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చినవారు తప్పు ఇంజన్‌దో తమదో అనుకొని మానేస్తారు.

చప్పుడు కూడా ఆలోచించవలసిన విషయమే. పలుచని ప్లైవుడ్ డప్పులా మోగుతుంది. ఆ మోతను తగ్గించడానికే కార్కు వేస్తాము. మేకు ఆ కార్కును దాటుకొని కంపనాన్ని నేరుగా చెక్కలోకి చేరవేస్తుంది.

నేను వాడేది నీటితో కలిసే అక్రిలిక్ సీలెంట్. ముందుగా ప్లైవుడ్‌కు రెండు వైపులా, అంచులకూ రంగు వేయాలి, ఎందుకంటే ఒకే వైపు వేస్తే తేమ మారినప్పుడు పలక వంగవచ్చు. పట్టాల మధ్యరేఖను పెన్సిలుతో గీసి, కార్కును ఆ రేఖ వెంబడి అతికించి ఆరనివ్వాలి. కరెంటు తీగలకు రంధ్రాలు ఈ దశలోనే వేసుకోవాలి, ఎందుకంటే పట్టా ముక్కలను కలిపే లోహపు జాయినర్ల మీదుగా కరెంటు ఎల్లకాలం సరిగ్గా అందదు, ప్రతి పట్టా ముక్కకూ తీగ టంకం వేయడమే మేలు. ఆ తరువాత సీలెంట్‌ను పుట్టీ బ్లేడుతో, కింది గీత కనబడేంత పలుచగా పరచి, పట్టాలను ఉంచి నెమ్మదిగా నొక్కాలి. స్లీపర్ల సందుల్లోంచి అది పైకి ఉబికిందంటే ఎక్కువైనట్టే. రైలు దారి మారే పాయింట్ల దగ్గర కదిలే బ్లేళ్ల కింద ఒక్క చుక్క కూడా పడకూడదు. పైన బరువులు పెట్టి రాత్రంతా వదిలేయాలి. ఎప్పుడైనా మార్చాలనిపిస్తే అదే పుట్టీ బ్లేడును కింద జొనిపితే పట్టా చెక్కుచెదరకుండా లేచి వస్తుంది. ఎపాక్సీతో అతికించినవారికి ఆ భాగ్యం లేదు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌ను దగ్గరికి రానివ్వకండి. మనం వాడే నికెల్ సిల్వర్ పట్టాల్లో ఉండేవి రాగి, నికెల్, జింకు. ఆరేటప్పుడు ఆ సిలికాన్ విడుదల చేసే ఆమ్లం రాగినీ రాగి మిశ్రమాలనూ తినేస్తుంది, ఆ సిలికాన్ మీద రంగు కూడా నిలవదు.

వేసవిలో పట్టాలు ఉబ్బి వంకరపోతాయని భయపడి ఎక్కువ మేకులు కొట్టేవారున్నారు. మీటరు పొడవున్న నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల తేడాకు మిల్లీమీటరులో మూడోవంతు మాత్రమే సాగుతుంది. బల్ల కింది చట్రం కర్ర తేమకు కదలడం అంతకంటే పెద్ద సమస్య. అక్కడక్కడా జాయినర్లలో అర మిల్లీమీటరు సందు వదిలితే రెండింటికీ సరిపోతుంది.

మీరు ఇప్పటికే మేకులు కొని ఉంటే పారేయనక్కరలేదు. కావలసినట్టు వంచుకునే ఫ్లెక్స్ ట్రాక్ మలుపుల్లో మళ్లీ తిన్నగా సాగాలని చూస్తుంది కనుక, సీలెంటూ, పైన పోసే కంకర జిగురూ ఆరేవరకు అక్కడ మేకులు తోడుగా ఉండాలి. మేకు కంటే కొంచెం సన్నని డ్రిల్‌తో ముందుగా రంధ్రం వేసి, సుత్తి లేకుండా ప్లేయరుతోనే నొక్కి దింపండి. తల కింద ఒక కాగితం దూరేంత సందు ఉంచండి. ఇంత దూరానికొకటి అని కొలిచి కాకుండా, పట్టా ఎక్కడ గీత నుంచి పక్కకు జరుగుతోందో అక్కడే పెట్టండి. కంకర చల్లి, నీళ్లు కలిపిన తెల్ల జిగురు పూర్తిగా ఆరిన తరువాత వాటన్నింటినీ పీకేసి, ఆ రంధ్రాలను స్లీపరు రంగుతో పూడ్చేయండి.