చేను మునిగితే దేవుని ప్రేమ పోయినట్టా?

దశమభాగం (ఆదాయంలో పదోవంతు కానుక) ఆపాకే గోదావరి లంకలో మీ చేను మునిగిందని, దేవుడు ప్రేమించడం మానేశాడని అమ్మ అంటోందని రాశారు. చిక్కంతా ఆయన ప్రేమని కూలి లెక్కన చూడటంలోనే ఉంది.

1. బైబిల్లో లూకా 13:4-5 చదవండి. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులు కారని యేసే చెప్పాడు. గోదావరి పొంగితే కానుక ఇచ్చినవాళ్ల చేలూ మునుగుతాయి.

2. అందరూ దాటేసేది ఇదే. లూకా 15లో, ఆస్తి పాడుచేసుకుని తండ్రి దగ్గరికి తిరిగొచ్చిన కొడుకు కథలో, 19, 21 వచనాలు పక్కపక్కన పెట్టి చూడండి. "నన్ను కూలివాడిగా పెట్టుకో" అని చెప్పాలనుకునే కొడుకు బయల్దేరాడు. 21లో ఆ మాటే లేదు! అంతకుముందే, 20లో, తండ్రి పరుగెత్తి వెళ్లి ముద్దుపెట్టుకున్నాడు. నాకైతే ఇంతకంటే గట్టి జవాబు లేదు.

3. తర్వాత రోమా 5:8 చదవండి. మనం ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు మనకోసం చనిపోయాడని, దేవుని ప్రేమ అలా వెల్లడైందని అందులో ఉంది.

అమ్మతో వాదించకండి, కుటుంబ ప్రార్థనలో ఇవి ఆమె చేతే చదివించండి. కానుక ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, భయంతో మాత్రం వద్దు.